ఎదురుగానే ఇంకో బేకరీ

బ్రహ్మచారి బాబాయికి,

రొట్టె ధర పెంచితే జనం ఎదురు బేకరీకి పోతారేమో, మీ పాఠాల్లో ఏముందో చూసి రాయమన్నావు కదా. పోతారనే ఉంది. ఒకదాని బదులు వాడుకోగలిగిన సరుకును ప్రత్యామ్నాయం అంటారు. అది చౌకగా దొరికితే అందరూ అటే మొగ్గుతారట.

అయినా అనుమానం తీరక మా ఎకనామిక్స్ మేడమ్‌ని అడిగాను. నీ బేకరీ అనగానే ఆవిడ చేతిలో సుద్దముక్క ఆగిపోయింది. "ధర పెంచినా నేనైతే అక్కడే కొంటాను" అన్నారు. క్లాసంతా గొల్లుమంది.

అప్పటినుంచి నా బుర్ర తొలిచేస్తోంది. ఆవిడ ఉండేది ఎదురు బేకరీ మేడమీదే. మెట్లు దిగితే రొట్టె. అయినా రోజూ రోడ్డు దాటి నీ దగ్గరికే వస్తారు. నువ్వేమో ఎంత రద్దీలోనైనా ఆవిడ కోసం మంచి రొట్టె ఒకటి గుడ్డ కప్పి దాస్తావు. రొట్టెకి ప్రత్యామ్నాయం ఉంది సరే, నీ కొట్లో ప్రత్యామ్నాయం లేనిది దేనికి బాబాయ్?

ధర సంగతి తర్వాత. ఆవిడకి వేరే ఊరికి బదిలీ వచ్చింది, వెళ్లేదీ లేనిదీ ఈ వారమే చెప్పాలట. రేపు బెల్లం కొట్టిన రాయిలా నిలబడకుండా నోరు తెరిచి అడుగు. క్లాసులో మేడమ్ అనక ఎలాగూ తప్పదు. ఇంట్లో పిన్నీ అని పిలిచే ఏర్పాటు మాత్రం నువ్వే చూడాలి.

నీ అన్న కూతురు