బస్తాలు తీసుకుపొమ్మని

తొర్రూరు కైలాసం సేటు గారికి నమస్కారం.

నా రాత వంకరగా ఉంటుంది, తప్పులు కూడా ఉంటాయి. ఏమీ అనుకోకుండా చదువుకోండి.

మొన్న మీరు మా ఇంటికి వచ్చినప్పుడు నేను నోరు విప్పలేదు. "అమెరికాతోని సుంకాల లొల్లి నడుస్తుంది. మన సర్కారు బయటి పత్తి మీద సుంకం ఎత్తేసింది. అక్కడి రైతులకు వాళ్ళ సర్కారు పైసలిస్తది, వాళ్ళు అగ్గువకు అమ్ముతరు. ఇగ మిల్లులు నీ పత్తి ఎందుకు అడుగుతయే?" అన్నారు. మీరు ధర చెప్పి, ఖాళీ బస్తాలు దింపి పోయారు. సేటు బస్తాలు దింపితే బేరం కుదిరినట్టేనని మా ఊరి లెక్క.

కానీ నేను ఒప్పుకోలేదు. ఆ ధరకు అమ్మితే పత్తి ఏరిన కూలి కూడా రాదు. మా ఇంటామె నీలమ్మ, "మొఖం మీద చెప్పకుంటే మానె, రాసి పంపు. గమ్మున కూసుంటే సేటు లారీ రానే వస్తది" అన్నది.

తేమ ఉంటే సర్కారు కొనుగోలు కేంద్రంలో తీసుకోరని పత్తిని వాకిట్లో ఆరబోశాము. మా బిడ్డ శిరీష ఫోన్లో అక్కడికి పత్తి తెచ్చే తారీఖు తీసుకున్నది. మద్దతు ధరకు అక్కడే అమ్ముతాను. లారీ పంపకండి. మీ బస్తాలు అట్లాగే ఉన్నాయి, తీసుకుపోండి.

మా నాయిన కాలం నుంచి విత్తనాలు మీ కొట్లోనే అరువు తెచ్చి, పంట మీకే ఇస్తున్నాము. ఇక అరువు లేదంటారేమో. అన్నా సరే, ఈ పత్తి మాత్రం మీకివ్వను. వానలు పడే లోపల నేను వేరే కొట్టు చూసుకోవాలి కదా, అరువు ఇస్తారో ఇవ్వరో జర తొందరగా జాబు రాయండి.