ఖాళీ డబ్బాలో ఏడు గీతలు

గద్వాలల ఉన్న మా లక్ష్మక్కకు,

పుణె నుంచి నీ తమ్ముడు బాలకిష్టయ్య కాళ్లు మొక్కి రాసేది.

ఉత్తరం చూడంగనే గుండె పట్టుకోకు, ఎవ్వరు సచ్చిపోలే. నేను బాగున్న. నీ బిడ్డ సుజాత బాగుంది. నువ్వెట్లున్నవు? బావ మోకాళ్లు ఎట్లున్నయి? దవాఖానల రాసిచ్చిన గోలీలు మింగుతుండా, నాగర్‌కర్నూల్ నుంచి ఎవరో తెచ్చిన నూనెనే రుద్దుకుంట కూసున్నడా? ఆ నూనెతోని మోకాళ్ల కంటే తలుపు బందులే నయమైతయని నా మాటగ చెప్పు.

ఫోన్ ఉండంగ ఉత్తరమేంది అంటవు. ఫోన్ల మాట్లాడితే ఈ ఇంట్ల వినవడ్తది అక్కా. ఎందుకు వినవడొద్దో జర నిమ్మలంగ చెప్త.

ఈడ వాన. మన తాన వాన అంటే వచ్చిందీ పోయిందీ తెలుస్తది. ఈడ అది రాదు, పోదు, మూడు వారాల సంది గోడమీద తడి లెక్క ఉంటది. సూర్యుని మొఖం చూడక నా తువ్వాల కూడ వాసన వస్తుంది. తిండికి లోటు లేదు. మన జొన్నరొట్టెనే పేరు మార్చి భాకరి అంటరు, పప్పుల మాత్రం బెల్లమేసి పాడుచేస్తరు. నువ్వు పంపిన గోంగూర తొక్కు సీసా అడుగు కనవడ్తుంది. ఎవరన్న ఇటు వస్తే ఇంకో సీస పంపు.

పాలమూరోడు వలస పోవుడు కొత్త కాదు. మన నాయిన తోటోళ్లు తట్టా పారా పట్టుకోని బొంబాయి దిక్కు మట్టి మోయ పోయిండ్రు. నేను ముసలితనంల మౌస్ పట్టుకోని గీతలు గుర్తువెట్ట వచ్చిన. మా ఆమె పోయినంక మగ్గం గుంటల కాలు వెట్టబుద్ధి కాలేదు, నీకెర్కనే. సుజాత వచ్చి, "మామా, నా తాన చూపు పని ఉంది, రా" అని తోలుకొచ్చింది. ఐదో తరగతి చదివి, మిగిలినదంత పప్పు పొట్లాల కాయితాల మీద చదువుకున్నోనికి పరిశోధనశాలల పని! సంబురపడితి.

ఆ పని ఏందో నువ్వు ఎప్పుడడిగినా ఆమె "నీకర్థం కాదమ్మా" అంటది. అర్థమైతది, నేను చెప్త విను. కిటికీలు లేని గది. నడుమ ఉక్కు డబ్బా, మన నీళ్ల బాన అంత. పంపులు పెట్టి దాన్లనుంచి గాలంత గుంజేస్తరు. పొద్దుమాపు ఆ పంపులు గుయ్యిమంటనే ఉంటయి, ఇంటికొచ్చినా చెవుల్ల ఇనవడ్తది. ఆ డబ్బాలకు ఒక వాయువును సన్నగ, ఊపిరి లెక్క వదుల్తరు. దానిమీద వెలుగు కొడ్తరు. ఆ దెబ్బకు అణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఎగిరి బయటవడ్తయి. ఏది ఎంత జోరుగ వచ్చిందో మిషను కొలుస్తది. ఒకే జోరుతోని శానా వస్తే తెరమీద ఒక గీత నిలవడ్తది. అణువు ఊగుతుంటది కాబట్టి ఒక గీత కాదు, వరుసగ లేస్తయి, మగ్గం మీద దువ్వెన తీరుగ ఉండే పన్నె పండ్ల లెక్క. పోను పోను జర దగ్గరకు జరుగుతయి, పొట్టిగైతయి.

ఆ వరుస చూసినప్పుడు నాకు ఇంటికి వచ్చినట్టే అయింది అక్కా.

గీతలు ఎక్కడ లేచినయో నేను మౌస్‌తోని గుర్తువెట్టాలె. అట్ల వేల తెరలు గుర్తువెడితే, అది చూసి కంప్యూటర్ నేర్చుకుంటదంట. నేర్చినంక మనిషి అక్కర లేదు, ఎంత గలీజు కొలతలిచ్చినా అదే శుభ్రం చేసి గీతలు తీసి చూపిస్తది. ముందు కాలేజీ పోరగాండ్లతోని చేయించిందంట. వాళ్లు ఫోన్ చూసుకుంట తప్పులు వెట్టిండ్రు. "నువ్వు వాకిట్ల నిలవడి మగ్గం మీద తెగిన పోగు చూపిస్తుంటివి మామా. నాకు ఆ కన్ను గావాలె" అన్నది.

ఆ కన్నే కొంప ముంచింది.

పోగు తెగితే అతకకుండ లేవొద్దని నేర్పిందెవరు? నువ్వే. వేళ్లకు బూడిద అద్దుకోని, తెగినకాడ కొత్త పోగు మెలివెట్టి, చీర చూసినోనికి తెల్వకుండ అతుకుడు నా తొమ్మిదో ఏట నేర్పినవు. యాభై ఏండ్లు అదే చేసిన. ఇప్పుడు తెరమీద ఏడు గీతల వరుసల నాలుగోది లేకపోతే నా చెయ్యి ఊకుంటదా? పోగు తెగింది అనుకున్న. అది ఉండాల్సినకాడ గుర్తువెట్టిన. ఒకటి కాదు, రెండు కాదు. పెట్టినప్పుడల్ల ఆ తెర నంబరు నా నోటుబుక్కుల రాసుకుంటి, గొప్పకు. దినానికి ఎన్ని అతికితినో సుజాతకు ఎప్పుడన్న చూపిద్దామని.

ఒకనాడు చాయ్ తాగుకుంట ఆమెనే మాటల్ల చెప్పింది. "కొన్ని అణువులకు నడుమల గీత పల్చబడి మాయమైతది మామా. ఆ ఊపుకాడ అణువు నిలువలేక ఇరుగుతుందన్నట్టు. ఆ ఖాళీ దొరుకుడే కష్టం. దాని కోసమే ఇదంత."

నేను చాయ్ సగంల వదిలి లేచిన. వేడిగుందని అబద్ధమాడిన.

చెప్పాల్సింది అప్పుడే. చెప్పలే. అప్పటికే కంప్యూటర్ నేర్చుకోవడం అయిపోయింది, అందరు మెచ్చుకున్నరు. ఆమె సార్ నా భుజం తట్టి "వీవర్ సాబ్" అన్నడు. పొగిడితే ఉబ్బుడు మన ఇంటి రోగం, నాయిన అట్లనే పొగిడించుకోని రెండు ఎడ్లు అప్పనంగ ఇచ్చె. వేల తెరల్ల నా అతుకులెన్ని, సముద్రంల ఉప్పు రాయి అనుకోని ఊకున్న.

పోయిన గురువారం పగటిపూట. ఆ గదిల పంపులు చూసుకునేటాయన ఉన్నడు, గణపత్ అని, నాకంటె చిన్నోడు. మరాఠోడే గాని నాతోని మన దిక్కు ఉర్దూలనే మాట్లాడుతడు. నేను తెర ముందట కూసున్న. ఏడు గీతలు లేచినయి, ముద్దుగ, ఒక్క మచ్చ లేకుండ. "గణపత్ భాయ్, ఇయ్యాల వాయువు మస్తు వస్తుంది" అన్న.

ఆయన నా దిక్కు చూసి నవ్విండు. "క్యా చాచా, చష్మా బదలో. వాల్వు పొద్దుగాలనే మూసిన. అందర్ కుఛ్ నహీ హై."

లోపల ఏం లేదు.

పోయి డబ్బాల వాయువు ఎంతుందో చూపే మీటర్ సూది చూసిన. నిజమే, డబ్బా ఉత్తది. మిషను కొలిచిన అసలు లెక్క తీసి చూస్తే ఉత్త ధూళి, ఇసుక చల్లినట్టు. ఆ ధూళిల నుంచే కంప్యూటర్ ఏడు గీతలు తీసి చూపిస్తుంది. స్కేలు పెట్టి కొలిచిన అక్కా. అసలు గీతలైతే పోను పోను దగ్గరకు జరగాలె గదా. ఇవి జరగలే. సమానం, వెంట్రుక వాసి తేడా లేదు. ప్రకృతి అట్ల నెయ్యదు. అట్ల నేసేది నేను. లోపల ఏం లేనికాడ నా చెయ్యి కనవడ్డది.

"ఏమైంది చాచా, మొఖం గట్లైంది?" అన్నడు గణపత్. "చష్మా మారుస్త" అన్న.

మాపు సుజాత ఒక్కతే ఉన్నప్పుడు తెర ముందట కూసోబెట్టి అంత చూపించిన. నోటుబుక్కు కూడ చూపించిన. ఆమె గీతలు చూడలే. లేచిపోయి తలుపు మూసి వచ్చింది.

"ఎవ్వరికన్న చెప్పినవా?"

"నీకే చెప్తున్న."

"చెప్పకు."

"బిడ్డా, ఉత్త డబ్బా మీద గీతలు లేస్తున్నయి."

"ఊఁ."

"నీకు ముందే ఎర్కనా?"

పంపులు గుయ్యిమంటున్నయి. "మామా, చాయ్ తాగినవా?" అన్నది.

నాకు అప్పుడు భయమైంది అక్కా. నేను తప్పు చేసిన్నని ఆమె తిడుతదని పోయిన. తిడితే మంచిగుండు.

అంతకు ముందే, ఆ కంప్యూటర్ తీసిన గీతలు చూసి వాళ్లు పరిశోధన పేపర్ రాసిండ్రు. ఆ అణువు యాడ ఇరగదు, గట్టిగ నిలవడ్తది అని. దాని మీదనే ఆమె పర్మనెంటు కొలువు ఆధారపడి ఉంది. ఎనిమిదేండ్ల కష్టం, పెండ్లి గిండ్లి పక్కకు వెట్టి. నేను ఎరగనా? "తర్వాత సరిచేస్త మామా, జర కొలువు కానియ్యి" అన్నది. సరే, తర్వాతనే చెయ్యి అనుకున్న. కాని వేరే ఊర్ల పరిశోధకులు ఆ కంప్యూటర్ ప్రోగ్రాంను అడిగి తీసుకుంటున్నరు. వాళ్ల డబ్బాలల్ల కూడ అది అతుకుతది. వాళ్ల తాన గణపత్ లేడు, వాల్వు మూసిన్నని చెప్పనీకి.

ఇంకోటి. వచ్చే శనివారంనాడు అసలు కొలతలు చెరిపేస్తదంట. దాచే జాగ నిండిందంట, శుభ్రం చేసినయి ఉంచితే చాలంట. సార్ పరదేశం నుంచి సోమవారం వస్తడు. "ఆయన వచ్చేదాక ఆగు" అన్న. "జాగ లేదు మామా" అన్నది, నా కండ్లల్లకు చూడకుండ.

అలంపూర్‌ల మన పెద్దనాయిన కొడుకు దుకాణం యాదికుందా? రెండువేల తొమ్మిదిల తుంగభద్ర ఊర్లకొచ్చినప్పుడు గోడమీద మనిషెత్తు మరక వడ్డది. ఏడాదికి సున్నమేసిండు, చూస్తె మనసు పాడైతదని. మొన్న పోయినప్పుడు వాళ్ల కోడలు పప్పు మూటలన్ని నేలమీదనే పెట్టించింది. "ఎత్తుల పెట్టమ్మా, నీళ్లు ఇంత దాక వచ్చినయి" అంటే, "ఊకో చిన్నమామా, గంత దాక యాడొస్తయి" అని నవ్వింది. గోడ తెల్లగుంటే ఆ పిల్ల తప్పేముంది?

నాలుగు దినాల సంది సుజాత నాకు నచ్చిన కూరలే వండుతుంది. బూట్లు కొనిచ్చింది. నిన్న రైలు టికెట్ చేతుల పెట్టింది, శుక్రవారానిది, గద్వాలకు. "అమ్మను చూసి రా మామా, వానకు నీకు దగ్గు వస్తుంది" అన్నది. నాకు దగ్గు లేదు.

బుధవారం ఇయ్యాల. శుక్రవారం నేను బండెక్కను. సోమవారం దాక ఈడనే ఉండి సార్‌కు నా నోటితోని చెప్త, నా చేతి తప్పు అని. మొదటి తప్పు నాదే, దాన్ల ఆమె వాటా నేను చెప్ప. అది ఆమెనే చెప్పుకోవాలె. చెప్పుకుంటదని ఆశ. అసలు కొలతలు పోయినంక నా మాటకు బలం ఉండదు, ముసలోడు మతి తప్పిండని అంటరు. అందుకే నోటుబుక్కుల నంబర్లన్ని యాది చేసుకోని రాసి ఈ ఉత్తరంల మడతవెట్టిన. ఆరు కాయితాలు, రెండు దిక్కుల రాసినయి. నోటుబుక్కు మొన్నటిసంది నా సంచిల కనవడ్తలేదు. ఇవి నాకు నోటికున్న నంబర్లు, అతికిన పోగు నేను మర్చిపోను. ఒకటి రెండు తప్పుండొచ్చు.

ఈ మాట రాస్తుండంగనే ఆమె వచ్చి తలుపుకాడ నిలవడ్డది.

"ఏం రాస్తున్నవ్ మామా?"

"మీ అమ్మకు ఉత్తరం."

"ఫోన్ ఉంది గదా."

"ఫోన్ల చేతిరాత కనవడదు."

నవ్వింది. ఆ నవ్వు నీదే అక్కా, అచ్చం నీదే. "రాసుడైనంక ఇటియ్యి, నేనే పోస్టుల ఏస్త. వానల నువ్వెందుకు పోవుడు" అన్నది. కొత్త బూట్లున్నయి గదా, నడుస్త అన్న. బూట్ల దిక్కు ఒకసారి చూసి ఎల్లిపోయింది. ఇప్పుడు వంటింట్ల ఉంది, గిన్నెల సప్పుడు వస్తలేదు.

ఆమె నీకు ఫోన్ చేస్తది. "మామ ఏమన్న కాయితాలు పంపిండా?" అని అడుగుతది. పంపలేదని అబద్ధమాడకు. ఉన్నయి, ఇయ్యను అను. బతిమాలుతది. ఇయ్యకు. ఏడుస్తది. అప్పుడు కూడ ఇయ్యకక్కా. కన్నతల్లిని ఈ మాట అడుగుతున్న, నా నోరు వడిపోను.

బావకు దండాలు చెప్పు. పక్కింటి పెద్దమ్మకు కూడ. వాన తగ్గకపోయినా నేను మంచిగనే ఉన్న, దగ్గు లేదు, రంది పెట్టుకోకు.

ఎప్పుడు రాసినా చివరకు నీ దీవెన అడుగుత. ఈసారి ఏమని అడగాలెనో తెల్వదు. నా మాట నిలవాలంటే నీ బిడ్డ పేరు పోవాలె. నీ బిడ్డ పేరు నిలవాలంటే నేను మతి తప్పినోన్ని కావాలె. నువ్వు చెయ్యి ఎత్తితే అది ఎవరి తల మీద పడుతదో నేను చెప్ప. ఎవరి మీద పడినా నాకు కోపం లేదు.

నీ కాళ్లకు మొక్కుకుంట,
నీ తమ్ముడు
బాలకిష్టయ్య