తలుపు అవతలి కుర్చీ

జూన్ 9, సోమవారం
ఎడమ రొమ్ములో గడ్డ ఉంది. స్నానం చేస్తుంటే చేతికి తగిలింది. బఠాణీ అంత. ఎవరికీ చెప్పలేదు.

జూన్ 12
కడుపునొప్పి అని అబద్ధమాడాను. క్లినిక్‌కి వెళ్తేనే కదా డాక్టర్‌కి చెప్పుకోగలిగేది. కానీ అమ్మ లెక్కల టీచర్, నాతోపాటు లోపలికి వచ్చేసింది. డాక్టర్ నన్నడిగిన ప్రతి ప్రశ్నకీ జవాబు అమ్మే చెప్పింది. మాకు నిన్నటి నుంచి గ్యాస్ అండీ, మేం పొద్దున ఏమీ తినం అండీ అని. ఆ 'మేం' నేనే. కర్టెన్ సగమే వేసి ఉంది. అవతల ఎవరో దగ్గుతున్నారు. గ్యాస్ మాత్రలు రాయించుకుని వచ్చేశాం.

జూన్ 13
మాత్ర వేసుకున్నాను. లేని గ్యాస్ పోయింది. గడ్డ అలాగే ఉంది.

జూన్ 15, సాయంత్రం 6
ఫోన్‌లో వెతికాను. వెతక్కుండా ఉండాల్సింది. అమ్మ చూసి, మొహం అలా ఉందేమే అంది. ఎగ్జామ్ టెన్షన్ అన్నాను. కూర్చుని టైమ్‌టేబుల్ వేసిచ్చింది.

జూన్ 18
నొప్పి తగ్గలేదన్నాను. మళ్ళీ క్లినిక్. సిస్టర్ పిలిస్తే నాతోపాటు అమ్మా లేచింది. ఈ వయసు పిల్లల్ని ముందు కాసేపు విడిగా చూస్తాం, మీరు ఆ కుర్చీలో కూర్చోండి మేడమ్ అంది సిస్టర్. అమ్మ ఊరుకుంటుందా! నా కడుపున పుట్టిన పిల్ల, నాకు తెలియని రోగం దానికేముంటుంది అంది. నేనూ మా అమ్మాయి గురించి అలాగే అనుకునేదాన్ని మేడమ్ అంటూ సిస్టర్ తలుపు వేసింది. పోయినసారి వెళ్ళేటప్పుడు నేను గుమ్మం దగ్గర ఆగి వెనక్కి చూడటం గమనించిందట.

డాక్టర్ కంప్యూటర్ వదిలి నావైపు తిరిగింది. నిజంగా కడుపేనా అమ్మా అంది. ఏడ్చాను. చెప్పాను. కర్టెన్ పూర్తిగా లాగింది. ముట్టుకునే ముందు, చూడనా అని అడిగింది. ఈ వయసులో ఇలాంటివి చాలావరకు ప్రమాదం లేనివేనట. అయినా స్కాన్ తీద్దామంది. అమ్మకి నువ్వు చెప్తావా, నేను చెప్పనా అనడిగింది. మీరే చెప్పండి, నేను పక్కనుంటా అన్నాను.

డాక్టర్ చెప్తుంటే అమ్మ ఒక్క మాటకీ అడ్డు రాలేదు. దారంతా నా చెయ్యి వదల్లేదు.

జూన్ 23
స్కాన్‌లో భయపడాల్సిందేమీ లేదు. అప్పుడప్పుడు చూపించుకుంటే చాలు.
ఇప్పుడు అమ్మ అలిగింది. ముక్కూమొహం తెలియని ఆవిడకి చెప్తావు, నాకు చెప్పవా అని. చెబితే ఏం చేసేదానివి అన్నాను. కేకలేసేదాన్ని అంది. భయమేస్తే నాకు కేకలే వస్తాయే అంది.

జూన్ 27
అమ్మ క్లినిక్‌కి తోడు రమ్మంది. తను చూపించుకోవాలట, ఎందుకో చెప్పలేదు. సిస్టర్ పిలవగానే నేనూ లేచాను. నువ్వు ఇక్కడే ఉండవే అని అమ్మ లోపలికెళ్ళింది.
ఈ కుర్చీలో కూర్చుంటే లోపలి మాట ఒక్కటీ వినపడదు.