క్యాసెట్ చివర మిగిలిన పాట

సలీమన్నా,

ఇవాళ అమ్మను తీసుకుని చిట్యాల వెళ్తుంటే, కారులో మా అమ్మాయి పెట్టిన పాత రాక్ పాటల్లో నీ పాట వచ్చింది. బయట సన్నటి వాన. పత్తిచేలు మసగ్గా కదులుతున్నాయి.

జనగామలో నీ క్యాసెట్ల షాపులో అమ్మ భక్తి పాటలు ఎక్కించుకునేది. చివర కాస్త టేపు మిగిలితే, ఖాళీగా ఎందుకని నువ్వు నీకిష్టమైన ఆ గిటారు పాట నింపేవాడివి. "గిదేం లొల్లి సలీం?" అని అమ్మ కోప్పడితే, "జర ఓపిక పట్టమ్మా, ఆఖరుకు మస్తుగుంటది" అని నవ్వేవాడివి. ఆ ఆఖరు మేమెప్పుడూ వినలేదు. గిటారు పైకి లేవగానే టేపు అయిపోయి, ప్లేయరు టక్కున ఆగేది. నువ్వూ పోయావు, ఆ షాపులో ఇప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు.

ఇవాళ పాట సరిగ్గా అక్కడికి రాగానే, క్యాసెట్ తిప్పడానికి నా చెయ్యి దానంతటదే ముందుకు వెళ్లింది. పాట మాత్రం ఆగలేదు. గొంతులన్నీ తప్పుకుని, గిటారు ఒక్కటే వానలో చాలా దూరం పోయింది.

"అమ్మమ్మకు లొల్లి అయితదేమో" అంటూ మా అమ్మాయి సౌండు తగ్గించబోయింది.

వెనక సీట్లో అమ్మ కళ్లు తెరవకుండానే అంది: "రానియ్యి బిడ్డా. గది సలీం పాట. ఆఖరుకు మస్తుగుంటదని చెప్పి పాయె పిలగాడు."