గురుగ్రహం మీద పన్నెండు నిమిషాలు

నందిగామ, డిసెంబరు 3, 1964. గురువారం

ఈ రోజు నుంచి నేను శాస్త్రజ్ఞుణ్ణి. బి.ఎస్సీ. పాసై గోళ్లు గిల్లుకుంటున్న నాకు, జగ్గయ్యపేటలో రిటైరైన సైన్సు మాస్టారు దశరథరామయ్యగారు తన పాత టెలిస్కోపు ఇచ్చి ఉద్యోగంలో వేసుకున్నారు. జీతం లేదు. గురుగ్రహం మీద ఒక నల్లమచ్చ ఉంది. ప్రతి గురువారం రాత్రి అది గ్రహం నడిమధ్యకు వచ్చిన టైము రాసి కార్డు వెయ్యాలి. అక్కడ ఆయన, ఇక్కడ నేను, ఒకరి అంకె ఒకరికి తెలియకుండా. గ్రహం తిరిగే లెక్కకన్నా మచ్చ ముందే వస్తే, దాన్ని అక్కడి పైగాలి తోస్తున్నట్టు. ఎంత ముందో అంత గాలి.

రేడియో వార్తలకు వాచీ కలుపుకుని చూశాను. 6.40.

డిసెంబరు 5

మాస్టారిదీ 6.40. లోకకల్యాణం జరిగింది.

డిసెంబరు 10, రాత్రి

ఫస్ట్ షోకి వెళ్లాను. మచ్చ ఎక్కడికి పోతుంది? గ్రహం తిరిగే లెక్క ప్రకారం వారానికి నలభై ఆరు నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. ఇంటర్వెల్లో సోడా తాగుతూ కూడిక చేశాను. 7.26. నమ్మకంగా ఉంటుందని కార్డు మీద సెకండ్లు కూడా వేశాను.

డిసెంబరు 14

మాస్టారికి 7.14 వచ్చిందట. పన్నెండు నిమిషాలు తేడా. తనే పొరబడి ఉంటారట, కుర్రకళ్లే నయమట. నవ్వొచ్చింది. కాసేపే.

డిసెంబరు 17

చూద్దామనే కూర్చున్నాను. మబ్బు. మొదటి అబద్ధం ఒంటరిగా ఉంటే అనుమానం వస్తుందని 8.12 అని రాశాను.

డిసెంబరు 21

ఆయనకు 7.48. ముప్ఫై ఏళ్ల నోటుబుక్కుల్లో తన అంకెలు ఇంకెన్ని తప్పో అని భయమేస్తోందట. బెజవాడ వెళ్లి కళ్లు చూపించుకున్నారట. ఏ లోపమూ లేదన్న డాక్టర్నీ నమ్మలేదట. టెలిస్కోపు ట్రంకుపెట్టెలో పెట్టేశారు.

డిసెంబరు 24

ఆరింటికే కూర్చున్నాను. నా కూడిక ప్రకారం 8.58కి రావాలి. మచ్చ 8.22కే దాటింది. మూడు వారాలకు ముప్ఫై ఆరు నిమిషాలు ముందు, వారానికి పన్నెండు.

గాలి ఉంది. మాస్టారు మొదట్నుంచీ దాన్నే చూస్తున్నారు. చూస్తున్న మనిషిని నేను గుడ్డివాణ్ణి చేశాను.

డిసెంబరు 25

పొద్దున్నే జగ్గయ్యపేట బస్సెక్కాను. సినిమా, సోడా, మబ్బు, అన్నీ చెప్పేశాను. మాస్టారు చల్లగా నవ్వారు.

"ఒరే బుల్లిబాబూ, నా మనసు కష్టపడకూడదని నీ పరువు తీసుకుంటున్నావా? ఎంత మంచివాడివిరా."

"నిజంగా అబద్ధమేనండి మాస్టారూ."

వీపు తట్టారు. మాస్టారి భార్య సీతారావమ్మగారు నాకు ఇంకో గారె వేశారు. తిన్నాను కూడా.

జగ్గయ్యపేట, డిసెంబరు 31

టెలిస్కోపు నేనే పెట్టెలోంచి తీసి పెరట్లో నిలబెట్టాను. ఆయనకు కనపడకుండా వాచీ పట్టుకున్నాను. మాస్టారు చాలాసేపు చూసి, "ఇప్పుడు" అన్నారు. 8.56. నా కూడిక చెప్పే 9.44కి ఇంకా నలభై ఎనిమిది నిమిషాలుంది, వారానికి అదే పన్నెండు చొప్పున.

వాచీ చూపించాను. ఆయన తల ఎత్తి, ఆ కళ్లతోనే నావైపు చూశారు.