నడిచొచ్చి ఇచ్చే బంతి

1964 సెప్టెంబర్ 6, ఆదివారం

పొద్దున్నే అల్లూరు నుంచి దేవసహాయం భార్య రూతమ్మ తమ్ముడు సైకిలేసుకుని వచ్చాడు. వాకిట్లో నిలబడే చెప్పాడు. "అన్నా, మా బావకి పక్షవాతం కొట్టింది. కుడిపక్క పడిపోయింది. మాట లేదు. అక్క నిన్ను రమ్మనింది."

నవ్వాను. "బాగా నేర్పించినాడే మీ బావ. ఆ ఏడుపు మొగం గూడా ఆయనే నేర్పినాడా?"

సైకిలు తిప్పుకుని వెళ్లిపోయాడు.

దేవసహాయం ఇన్నాళ్లకు పగ తీర్చుకుంటున్నాడు. నాకు తెలుసు. నెల్లూరులో ఆఫీసర్ల జట్టుతో ఆడినరోజు బంతి బదులు ఎర్రసిరా పూసిన బత్తాయి వేశాను. బ్యాటు పట్టుకున్న ఆఫీసరు వదిలేశాడు. వెనక వికెట్ కీపరు దేవసహాయమే. గ్లవ్సులో పగిలింది. మొహమంతా రసం, తెల్లచొక్కా నిండా ఎర్రమరకలు. జనం పడీ పడీ నవ్వారు. "నాకూ ఒకరోజు వస్తాదిరా చెంచయ్యా" అన్నాడు. ఆ సీజనంతా మళ్లీ మాట్లాడలేదు.

ఆ రోజు వచ్చిందన్నమాట. నేనెందుకు పరిగెత్తాలి. పడుకోనీ నాలుగురోజులు ఊరికే.

సెప్టెంబర్ 8

నా పెళ్లాం సుబ్బమ్మ పోరు పడలేక అల్లూరు వెళ్లాను. ఉత్తచేతులతో వెళ్లలేదు. జేబులో బత్తాయి. ఎర్రసిరా పూసి, ఎండబెట్టి.

వీధిలోంచే అరిచాను. "లెయ్ రా నాటకాలోడా, అవుటైపోయినావు, పద."

లోపలికి వెళ్లాను...

నోరు ఎడమకు లాగేసి ఉంది. దిండు తడి. కుడిచెయ్యి పక్కన వేరేవాళ్లది పెట్టినట్టు పడి ఉంది. నన్ను చూశాడు. చూశాడో లేదో.

రూతమ్మ ముక్కు తుడుచుకుంటూ అంది, "రెండు దినాలుగా వాకిలే చూస్తా ఉండాడన్నా. నీ కోసమే అనుకున్నా."

బత్తాయి జేబులోనే ఉంది. కూర్చుంటే తొడకు ఒత్తుకుంటోంది. తియ్యలేదు. వచ్చేటప్పుడు కాలవలో వేశాను. తేలుతూ పోయింది.

సెప్టెంబర్ 9

రాయబుద్ధి కాలేదు.

సెప్టెంబర్ 13, ఆదివారం

నెల్లూరు మిషన్ బడిలో దేవసహాయానిదీ నాదీ ఒకే బెంచీ. నేను చింతకాయలకు రాళ్లేస్తుంటే డ్రిల్లు మాస్టరు చూశాడు. కొడతాడనుకున్నా. చేతిలో బంతి పెట్టాడు. నా బంతిని ఆపగలిగింది బళ్లో దేవసహాయం ఒక్కడే. వాడు చదువుకుని పంతులయ్యాడు. నేను బంతులేస్తూ బడే మానేశాను. మా నాయన వరి కోతకు రమ్మంటే సైకిలెక్కి నెల్లూరు పారిపోయేవాణ్ణి.

ఇరవై అంగల దూరం నుంచి ఉరికొచ్చేవాణ్ణి. కొబ్బరిపీచు మ్యాటు మీద బంతి పడితే గొంతు దగ్గరికి లేచేది. గుంటూరోళ్లు నన్ను చూసి దండం పెట్టారని చెప్పుకునేవాణ్ణి. సగం అబద్ధం. సగం నిజం.

దేవసహాయం ఎప్పుడూ బాగుందనలేదు. వాడి పద్ధతి వేరే. బంతి నచ్చితే గ్లవ్సు తీసి, బంతిని ప్యాంటుకు రుద్ది, పిచ్ పొడుగునా నడుచుకుంటూ వచ్చి, కుట్టు నిలువుగా ఉండేటట్టు నా చేతిలో పెట్టేవాడు. మాట లేదు. వెనక్కి తిరిగి వెళ్లిపోవడమే. అంపైర్లు తిట్టేవారు, ఇట్టా నడిస్తే పొద్దుగూకుతుందయ్యా అని.

నచ్చకపోతే నా వైపు చూసేవాడే కాదు. పక్కనున్న ఫీల్డరుకు ఇచ్చేవాడు. వాడు ఇంకొకడికి. ఊరంతా తిరిగి నా దగ్గరికి వచ్చేది. వికెట్టు పడినా సరే. మూడు వికెట్ కర్రలూ ఎగిరిపోయిన బంతిని గూడా ఒకసారి అట్టానే చుట్టూ తిప్పి పంపాడు. ఎందుకురా అంటే, "వాడు గుడ్డోడు గాబట్టి పడింది. నీ బంతేం బాలేదు" అన్నాడు.

సెప్టెంబర్ 20, ఆదివారం

నెల్లూరు డాక్టరు చెప్పాడట, కుడిచేతిలో ఏదన్నా పెట్టి వేళ్లు మూయిస్తూ ఉండమని. మా అటక మీద పాత బంతి ఉంది. నా ఆఖరి మ్యాచిది. తోలు లేచిపోయింది. పట్టుకెళ్లి చేతిలో పెట్టాను. వేళ్లు మూశాను. వదిలితే తెరుచుకున్నాయి. బంతి దొర్లి మంచం కిందికి పోయింది.

నవ్వించాలని చూశా. రూతమ్మలాగా ముసుగేసుకుని కోళ్లను అదిలించాను. గుంటూరు అంపైరు మాదిరి పొట్ట ముందుకేసి నడిచాను. రూతమ్మ నవ్వింది, తర్వాత వంటింట్లోకి వెళ్లి ఏడ్చింది. వాడు గోడ చూస్తున్నాడు.

సెప్టెంబర్ 27, ఆదివారం

అందరూ వాడి ముందే వాడి గురించి మాట్లాడుతున్నారు. పాస్టరుగారు కూడా. ప్రార్థన చేసి, తల నిమిరి, రూతమ్మ వైపు తిరిగి "తిండి పోతా ఉందామ్మా?" అని అడిగాడు. పక్కింటామె అయితే "పాపం, మంచోడు" అంది. పోయినవాళ్లను అన్నట్టు.

వాకిట్లోకి సాగనంపుతూ రూతమ్మ అడిగింది.

"మనిషి లోపల ఉండాడా అన్నా? నేను మాట్లాడేది ఆయనతోనా, ఉత్త మంచంతోనా? డాక్టరేమో చెప్పలేం అంటాడు. నువ్వు చిన్నప్పటి నుంచి ఎరుగుదువు గదా. నువ్వు చెప్పు."

ఎప్పుడూ ఏదో ఒక కోతికూత కూసే నోరు నాది. చెప్పులేసుకుని బయల్దేరాను.

సెప్టెంబర్ 30

నిద్ర లేవగానే మద్రాసు గుర్తొచ్చింది. అప్పటి మద్రాసు రాష్ట్రం జట్టుకు సెలక్షన్లు. నన్నొక్కణ్ణే పిలిచారు. అక్కడి కీపరు పెద్దింటి పిల్లోడు, సెంటు వాసన. నా బంతులు వాడి పక్కనుంచి బౌండరీకి పోతానే ఉన్నాయి. సెలక్టరు గొడుగు కింద కూర్చుని అన్నాడు, "వేగముంది, అదుపు లేదు." అదుపుందండీ, పట్టేవాడు అల్లూరులో ఉన్నాడండీ అని చెప్పాలి. ఇంగ్లీషు రాలేదు. తెలుగులో చెప్పినా ఏమనుకునేవాడో.

తిరిగొచ్చాక దేవసహాయం స్టేషన్లో ఉన్నాడు. ఏమైందని అడగలేదు. టీ ఇప్పించాడు.

తర్వాత మోకాలు పోయింది. నన్ను గ్రౌండు బయటికి మోసింది వాడే. మూడేళ్లు ఆడకుండా చూస్తూ కూర్చున్నా. తర్వాత చూడ్డం కూడా మానేశా.

అక్టోబర్ 4, ఆదివారం

బంతి పెట్టాను. జారింది. పెట్టాను. జారింది.

అక్టోబర్ 8

ఒక ఆలోచన. క్లబ్బువాళ్లు పారేసిన పాత మ్యాటు మా ఇంట్లోనే ఉంది. సుబ్బమ్మ దాని మీద మిరపకాయలు ఎండబెడుతోంది. అడిగితే ఇవ్వదు. ఎలుక పిల్లలు పెట్టిందని చెప్పాను. తనే తీసి అవతల పారేసింది.

అక్టోబర్ 11, ఆదివారం

మ్యాటు బండి మీద వేసుకుని వెళ్లాను. మిరపకాయల ఘాటుకు దారంతా ఎద్దులు తుమ్మాయి.

రూతమ్మ చూసి, "ఇదేంది అన్నా, పెండ్లి పందిరి వేస్తావా?" అంది.

"నీ మొగుడికి మ్యాచ్ పెట్టినా."

పెరట్లో పరిచాను. మేకులు కొట్టాను. వాడి మంచం వసారాలోకి జరిపి, దిండ్లు ఎత్తుపెట్టి కూర్చోబెట్టాం. ఎడమచెయ్యి వైపు రూతమ్మ స్టూలేసుకుంది. బంతి గోడకు కొట్టుకుని మంచం దగ్గరికే వస్తుంది.

వాడు మ్యాటు వంక చూశాడు. అవతలి మూలకు. చాలాసేపు అక్కడే చూశాడు. నేను పట్టించుకోలేదు. ఆటకాలం నుంచీ అంతే, మ్యాటు పరిచాక ఉత్తకాళ్లతో ఒకసారి నడవందే వాడికి తృప్తి లేదు.

ఉరకలేదు. నాలుగు అంగలు. ఆఖరి అంగలో మోకాలు కత్తితో కోసినట్టయింది. వేశాను. బంతి లేవలేదు. చచ్చిన కప్పలాగా నేల కరుచుకుని పోయి గోడకు తగిలి మంచం కోడు దగ్గర ఆగింది.

రూతమ్మ తీసి వాడి ఒళ్లో పెట్టింది. నేను కుంటుకుంటూ వెళ్లి వాడి ముందు చెయ్యి చాపాను.

ఎడమచెయ్యి కదిలింది. మెల్లగా. బంతి మీదికి పాకింది. పట్టుకుంది. నా మొహం వంక చూడలేదు. పక్కకు తిప్పి, రూతమ్మకు ఇచ్చాడు.

"నాకు గాదయ్యా, అన్నకియ్యి" అని ఆమె మళ్లీ వాడి చేతిలో పెట్టింది. మళ్లీ ఆమెకే ఇచ్చాడు. నేను ఇక్కడే, మూరెడు దూరంలో చెయ్యి చాపుకుని ఉన్నాను. చూడడే.

"ఏందన్నా, ఎవరెవరో గూడా తెలీడం లేదా ఈయనకి?"

"తెలుసమ్మా. తిడతా ఉండాడు నన్ను."

చెప్పాను ఆమెకు. నచ్చని బంతి చుట్టూ తిరిగి రావాలని. ఆమె అర్థం చేసుకునేలోపల నేను బావి వెనక్కి పోయి నోట్లో కండువా కుక్కుకున్నాను. నవ్వో ఏడుపో, ఏదైతేనేం.

తర్వాత వెళ్లి చూశాను. అవతలి మూల మేకు పట్టలేదు. మ్యాటు వదులుగా లేచి ఉంది. బంతి ఎట్టా లేస్తుంది? వాడు ముందే చూశాడు.

సరిగ్గా బిగించేసరికి వాన మొదలైంది. "వచ్చే ఆదివారం వేస్తానురా. అప్పుడు చూస్తా ఎవరికిస్తావో" అన్నాను. బంతి వాడి దగ్గరే వదిలి వచ్చాను.

బండి తోలుకుంటూ దారంతా పాడుకుంటూ వచ్చాను. సుబ్బమ్మ కల్లు తాగావా అంది.

అక్టోబర్ 14

వాన. మోకాలికి ఆవనూనె రుద్దుకుంటున్నా. పశువుల కొట్టంలో నాలుగు అంగలు వేసి చూశా. ఆరు వెయ్యగలనేమో. ఒక్క బంతి. ఒక్కటి లేస్తే చాలు.

అక్టోబర్ 18, ఆదివారం

దారి మునిగింది. చేలూ కాలవా ఒకటే. బండి పోదు. సుబ్బమ్మ నా కండువా పట్టుకుని కూర్చుంది. "ఆ కాలితో నీళ్లలో దిగితే నిన్ను మోసేవాడు గూడా లేడు ఇప్పుడు." నిజమే. అనాల్సింది కాదు. తనకూ తెలిసింది.

అక్టోబర్ 20

వాన.

అక్టోబర్ 22

అల్లూరు వైపు నుంచి ఎవరూ రాలేదు.

అక్టోబర్ 25, ఆదివారం

సగం దూరం పడవ, సగం దూరం నడక. పెరట్లో మ్యాటు బురదలో కూరుకుపోయి ఉంది. నాలుగు మూలలా మేకులు మాత్రం గట్టిగా ఉన్నాయి.

గురువారం పక్షవాతం మళ్లీ వచ్చిందట. ఈసారి ఇంకా గట్టిగా. డాక్టరు కాలవ అవతలే ఆగిపోయాడు. కళ్లు తెరవడం లేదు. ఊపిరి తీసి, ఆగి, మళ్లీ తీస్తున్నాడు.

ఎడమచేతిలో బంతి.

"నువ్వు పోయినకాడి నుంచీ అంతే అన్నా. నాకియ్యడు. మా తమ్ముడికియ్యడు. పాస్టరుగారు తీయబోతే బిగబట్టుకున్నాడు. ఒళ్లు తుడిచేటప్పుడు గూడా వదల్లా. మళ్లీ వచ్చినాక గూడా వదల్లా." రూతమ్మ ఏడవడం లేదు. వంగి వాడి చెవిలో చెప్పింది, "అన్న వచ్చినాడయ్యా."

ఆమె ఇప్పుడు వాడితోనే మాట్లాడుతోంది.

నేను వంగి చూశాను. తోలు మీద బురద లేదు. దుప్పటికి రుద్ది రుద్ది తుడిచినట్టుంది. కుట్టు నిలువుగా ఉంది.

నేను మళ్లీ వెయ్యనే లేదు కదరా. దేనికిస్తావు?

మంచం పక్కన కింద కూర్చున్నాను. వాడి చెయ్యి కింద నా కుడిచెయ్యి పెట్టాను, అరచెయ్యి పైకి. బంతి లాక్కోలేదు. రూతమ్మ దీపం పెట్టి పోయింది. ఎడమచేత్తో రాస్తున్నా ఇది. వంకరగా వస్తోంది.

నా కుడిచెయ్యి ఇంకా అక్కడే ఉంది.