డప్పు వినిపించని ఊరు

చెల్లాయి థామసిన్‌కు, మసాచుసెట్స్ నుంచి అన్నయ్య బార్నబాస్ రాసేది: బతికే ఉన్నాను.

ఓడ ఎక్కేముందు బోధకుడు థాకమ్ మనవాళ్ళకిచ్చిన మాట గుర్తుందా? కొత్త దేశంలో ప్రార్థనకు పిలిచే డప్పు వినిపించనంత దూరాన ఒక్క ఇల్లూ కట్టనివ్వనన్నాడు. మొన్న ఆయనే సభ పెట్టి, ఇక్కడ పశువులకు పచ్చిక చాలడం లేదనీ, ఊరంతా పడమట పెద్ద నది ఒడ్డుకు తరలిపోవాలనీ తేల్చాడు. అడవిలో రెండు వారాల నడక. డప్పు కూడా పట్టుకుపోతారట.

"నడవలేని ముసలివాళ్ళ సంగతేమిటయ్యా?" అని లేచి అడిగాను.

సంఘపెద్ద ఎనోక్ నవ్వాడు. "గడ్డి లేదంటే వినవేం తాతా? పోనీ, నీ లాటిన్ పుస్తకాలు మేపమంటావా?"

"మేపరా. నీకంటే ఆవులకే బాగా ఎక్కుతాయి."

ఆడవాళ్ళ బల్లల మీద కూడా నవ్వారు. అయినా మగవాళ్ళ చేతులన్నీ థాకమ్ వైపే లేచాయి.

నీ ఉత్తరం తెచ్చిన ఓడలోనే తిరిగి వచ్చేయమని రాశావు. నా కోసం గది ఖాళీ చేయించకు. రాను. ఆ నదికీ పోను. వీలైతే సూదులు, క్యాబేజీ విత్తనాలు, ఒక కళ్ళజోడు పంపు. తూర్పు గది కప్పుకు కొత్త గడ్డి వేయించారా? నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? పిల్లలను దేవుడు చల్లగా చూడాలి.

ఎందుకు రానంటావా? థాకమ్ మాటలు నేనేనాడూ నమ్మలేదు. అవి నమ్మి, నన్ను పోరి ఓడ ఎక్కించి, మొదటి చలికాలంలోనే ఈ కొండ కింద మట్టిలో పడుకుని, నన్ను ఇక్కణ్ణుంచి కదలనీయని మనిషి ఒకతె ఉంది. నేను ఇప్పటికీ తప్పుపట్టేది ఆమెనే, మీ వదిన సుసన్నాను.